నీళ్ల మీద దుకాణం

పాలమూరు జిల్లాలో ఖాళీ కాగితాన్ని ఖాళీగా ఉండగానే అమ్మిన మొనగాణ్ని నేనొక్కణ్నే. బోరు మోటార్ల దుకాణానికి అరపేజీ అమ్మాను. ఎరువుల దుకాణానికి అంతకంటే పెద్ద ముక్క అమ్మాను. ఒక్క అక్షరం కూడా లేని చివరి రెండు పేజీలను కలిపి, ప్లాట్లు అమ్మే ఆసామికి అంటగట్టాను. నన్నెవరూ అడగలేదు. నేనే ఎండలో గద్వాల, వనపర్తి తిరిగి, అది వాళ్లకు ఎంత అవసరమో వాళ్లకే నచ్చజెప్పి వచ్చాను. బేరంలో అంత హుషారు నాకు అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు.

అమ్మిన సరుకు నాది కాదు. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు, నాకు తెలుసు. దాని ఒక్కదాని కోసమే అయితే ఇన్నేళ్లు ఇలా నలిగేవాణ్ని కాదు. దాన్ని కప్పిపుచ్చడానికి నలుగురి ముందు ఒక అబద్ధం ఆడాను. మోస్తున్నది ఆ అబద్ధాన్ని. దుకాణదారు కొడుకుని, ఏ బరువునైనా చేత్తో ఎత్తి ఇంత ఉంటుందని చెప్పగలను. దీన్ని మాత్రం ఎప్పుడూ తక్కెట్లో పెట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే ఇందులో కూడా ఎంతో కొంత కల్తీ కలిపేవాణ్ని.

మాది గద్వాలలో చీరల దుకాణం. మా నాయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య, ఖాళీని దాచడం. చీరలు అమ్ముడుపోయి ఒక అర ఖాళీ అయితే, వెంటనే అందులో ఉత్త అట్టపెట్టెలు పేర్చేవాడు, పేరున్న వైపు బయటికి పెట్టి. "అర బోసిగ కనవడ్తె గిరాకి గడప గూడ తొక్కదురా" అనేవాడు. పెళ్లిళ్ల కాలం అయిపోయాక మా దుకాణంలో సగం సరుకు గాలే. ఖాళీ అంటే నష్టం. ఖాళీ అంటే ఊరందరికీ తెలిసిపోయే లేమి. ఈ చదువు నాకు బాగా వంటబట్టింది.

చీరల దుకాణం అన్నకు పోయింది. నేను వనపర్తిలో ప్రెస్సు పెట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. కార్డు మీద గోరంత చోటు మిగిలినా అందులో ఒక పువ్వో, రెండు చిలకలో దూర్చేవాణ్ని. గిరాకీ సంతోషించేవాడు. నేనూ సంతోషించేవాణ్ని.

అలాంటి నా దగ్గరికి బాలస్వామి వచ్చాడు.

అతనిది కొల్లాపూర్ వైపు. చిన్నప్పుడే, శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్నినప్పుడు, పుట్టిన ఊరు కృష్ణలో మునిగిపోయింది. హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, అక్కడ ఇమడలేక తిరిగొచ్చి, నా ప్రెస్సుకు అక్షరాలు గీసి ఇచ్చేవాడు. చెప్పిన రోజుకు ఒక్క పనీ ఇచ్చిన పాపాన పోలేదు. నా సిగరెట్లు అడగకుండానే నా జేబులోంచి తీసుకునేవాడు. ఎవరైనా అక్షరాన్ని కంప్యూటర్లో సాగదీసి పొడుగు చేయమంటే, తన కాలే పట్టి లాగుతున్నట్టు గింజుకునేవాడు. నన్ను సేటూ అని పిలిచేవాడు. వెక్కిరింపుగా మొదలైన ఆ పిలుపు ఎప్పుడు ప్రేమలోకి జారిందో ఇద్దరమూ గమనించలేదు. ఆ వయసులో నాకు అలాంటి స్నేహితుడు ఇంకొకడు లేడు.

మునిగిన ఊరివాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో చెదిరిపోయి బతుకుతున్నారు. ఎండాకాలం నీళ్లు తగ్గి, పాత గోడల మొదళ్లు బయటపడ్డప్పుడు, అందరూ కలిసి అక్కడికి పోతారు. ఊరి దేవతకు బోనం వండి, ఎవరి ఇంటి జాగాలో వాళ్లు కూర్చుని తిని వస్తారు. వాళ్లకు ఊరంటే ఇక అదే, ఏడాదికి ఒక పూట. వాళ్లంతా ఒక సంఘం కట్టి, ఇంటికింత వేసుకుని ఆ ఊరి మీద ఒక బొమ్మల పుస్తకం వేయించాలనుకున్నారు. మాటలు బాలస్వామి పెద్దమ్మవి. ఎల్లమ్మ ఆమె పేరు. తల్లి పోతే అతన్ని పెంచింది ఆమే. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఏ గుమ్మం ఏ చెక్కతో చేసింది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. చదువు మాత్రం రాదు. ఆ ఊరి పెద్దవాళ్లలో చదువు వచ్చినవాళ్లే తక్కువ. బొమ్మలు, అక్షరాలు, పుస్తకం తీరు బాలస్వామివి. అచ్చు నాది.

ఒక మధ్యాహ్నం డమ్మీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. డమ్మీ అంటే అచ్చుకు ముందు చేత్తో తయారుచేసుకునే నమూనా పుస్తకం. తిరగేశాను. మొదటి పేజీల్లో వాక్యాలు వరుసల్లో లేవు. వీధుల్లా వంపులు తిరిగి, ఒకచోట కలుసుకుని, అక్కడ కాసేపు ఆగి మళ్లీ విడిపోతున్నాయి. ఒక్కో ఇంటిపేరు ఒక్కో ఇల్లులా నిలబడి ఉంది. మధ్య మధ్య నల్ల సిరాతో తలుపులు, రోళ్లు, ఎడ్ల కొట్టం. తర్వాతి పేజీలో అడుగున వేలెడు తెలుపు. ఆ తర్వాత బెత్తెడు. ముందు పేజీలో నిండుగా ఉన్న తలుపు ఇక్కడ సగానికి తెగింది. వాక్యాలు పైకి ఇరుక్కున్నాయి. పోను పోను అక్షరాల నడుములు కూడా మాయమై, ఒక పేజీ పైఅంచున తలకట్లు మాత్రమే మిగిలాయి, నీళ్ల మీద తేలే ఇంటి కప్పుల్లా. చివరి రెండు పేజీలు ఉత్త తెలుపు.

"ఇదేంది స్వామీ, అక్షరాలు సగం సగమే ఉన్నయి? జనం మిషన్ ఖరాబైందనుకుంటరు" అన్నాను.

"నీళ్లొచ్చినయి సేటూ. మునిగినయి."

"నీళ్లేవి? జర నీలం రంగు పొయ్యరాదు?"

"కృష్ణ నీలమని నీకెవడు చెప్పిండు? ఎండకు తెల్లగ మెరుసుకుంట వచ్చినయి. వరదొస్తె సప్పుడుంటది, మనిషి ఉరుకుతడు. గివి సప్పుడు లేకుంట మెల్లగ జరుక్కుంట వచ్చినయి. మా పెద్దమ్మకు సూపిచ్చిన దీన్ని. నేనేం చెప్పలే. ఒక్కొక్క పేజీ మీద చెయ్యివెట్టుకుంట పోయి, గిక్కడిదాంక వచ్చినయి, గిప్పుడు మన గడపకాడికొచ్చినయి అని ఆమెనే చెప్పింది. అచ్చరం రానోళ్లకు గూడ తెలుస్తది సేటూ ఈ పుస్తకం."

"గంతా మంచిగనే ఉంది. గని ఆఖర్ల రెండు పేజీలు ఉత్తగ వోతున్నయి. మీ పెద్దమ్మ ఫోటో వెడ్దమా? పోనీ సంఘమోళ్ల పేర్లు?"

అతను నవ్వి, నా జేబులో చెయ్యి పెట్టి సిగరెట్టు తీసుకున్నాడు.

"నీకు తెలుపు కనవడదు సేటూ. జాగ కనవడ్తది."

ప్రెస్సులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"నా తెలుపు ముట్టనని ఒట్టు వెయ్" అన్నాడు.

"ముట్టను పో. ఒట్టు" అని అతని చేతిలో చెయ్యి వేశాను.

ఆ మాట నన్ను కుట్టింది. ఎందుకు కుట్టింది? నిజం కాబట్టా? మనవాడనుకున్నవాడు నలుగురిలో నా కొలత తీసి చెప్పాడనా? తర్వాత చాలా ఏళ్లు ఆ నవ్వును అడ్డం పెట్టుకుని నన్ను నేను వెనకేసుకొచ్చాను. ముందు దెబ్బ కొట్టింది అతనే, స్నేహితుడై ఉండి నా దుకాణంలో నన్నే చిన్నబుచ్చాడు, అని. ఎంత నాసిరకం సరుకో చూడండి. దాన్ని కూడా నాకు నేను అమ్ముకోగలిగాను.

అసలు కారణం ఇంకా చిన్నది. ఆ పని కర్నూలు ప్రెస్సుకు పోకూడదని గిట్టుబాటు కాని ధరకు ఒప్పుకున్నాను. ఇంతలో కాగితం ధర పెరిగింది. సంఘం వాళ్ల దగ్గరికి పోయి, నా లెక్క తప్పింది, ఇంకాస్త ఇవ్వండి అంటే ఇచ్చేవాళ్లే. మంచివాళ్లు. కాని బేరంలో ఓడిపోయానని నా నోటితో నేను చెప్పడమా? నష్టం ఎంత వస్తుందో చూసుకుందామని ఒకరోజు కాగితం కోసం చెయ్యి చాపితే డమ్మీ దొరికింది. చివరి పేజీ తెల్లగా ఉంది. దాని మీదే లెక్క వేశాను. వేస్తుంటే తట్టింది, ఈ పేజీ ఖాళీగానే ఉంది కదా అని.

ఆ తర్వాత అంతా నాయన నేర్పిన పనే. ఖాళీ అరలో అట్టపెట్టెలు. తెగిన అక్షరాలను నిండుగా నింపించాను. పైకి ఇరుక్కున్న వాక్యాలను కిందికి దించి బుద్ధిగా వరుసల్లో కూర్చోబెట్టాను. తెలుపు మిగిలిన ప్రతిచోటా ఒక దుకాణం తెరిచాను. డమ్మీలో తెలుపు ఉన్న పేజీలను కూడా పోనివ్వలేదు. ప్రకటనల మాటలు చిత్తుగా రాసుకోవడానికి ఒక్కొక్కటే చింపి వాడుకున్నాను.

బాలస్వామి అప్పటికి నాగర్‌కర్నూల్‌లో ఒక బడిలో బొమ్మల మాస్టరుగా చేరాడు. అచ్చుకు ముందు ఒకసారి వచ్చి చూసుకుంటానని ఫోన్ చేశాడు. అంతా నువ్వు గీసినట్టే పోతోంది, బడి మానుకుని రావద్దు, అన్నాను. సరే సేటూ అన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నా జీవితంలో నేను చెప్పిన ధరకు బేరమాడకుండా ఒప్పుకున్న మనిషి అతనొక్కడే.

నాకు భయం వేయలేదా? వేయలేదు. అదే ఇప్పుడు నన్ను భయపెడుతుంది. పుస్తకం నిండుగా కనిపిస్తే ఊరివాళ్లు సంతోషిస్తారని, అతను రెండు రోజులు అలిగి మూడో రోజు సిగరెట్టు కోసం నా జేబులో చెయ్యి పెడతాడని నిజంగానే అనుకున్నాను.

పుస్తకం ఆవిష్కరణ కొల్లాపూర్‌లో, ఒక బడి ఆవరణలో, మామిడిపండ్ల కాలంలో. అప్పటికే నీళ్లు తగ్గాయి. మర్నాడు అందరూ కలిసి పాత ఊరికి పోవాలని అనుకున్నారు. షామియానా కింద చాపల మీద ఊరు ఊరంతా కూర్చుంది. మొదటి పుస్తకం ఎల్లమ్మ చేతిలో పెట్టారు.

ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుని విప్పింది. మొదటి పేజీల్లోని వీధులను నేను కదిలించలేదు, అక్కడ ఖాళీ లేదు కాబట్టి. ఆమె వేలు ఆ వీధుల వెంట పోయింది. పక్కనున్న ఆడవాళ్లు మీదికి వంగారు. ఇది ఫలానావాళ్ల ఇల్లు, ఇది మా ఇల్లు అని చూపిస్తోంది. పేజీ తిప్పింది. వేలు ఆగింది. అక్కడ బోరు మోటారు బొమ్మ ఉంది. ఇంకొకటి తిప్పింది, ఎరువు బస్తా. ఆ చెయ్యి తెలుపు కోసం పేజీ అంతా తడుముతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. చివరికి వచ్చింది. రెండు పేజీల నిండా ప్లాట్ల గళ్లు, నంబర్లతో సహా.

"ఇదేం రా బాలసామీ, నీళ్ల మీద దుకాణం వెట్టిండ్రు?" అంది.

బాలస్వామి వచ్చి ఆమె ఒడిలోంచి పుస్తకం తీసుకుని చూశాడు. ఈలోగా చాపల మీద ఒకాయన చివరి పేజీలను పైకి చదివాడు. తక్కువ ధరకు ప్లాట్లు, త్వరపడండి. ఒక్కసారిగా గోల లేచింది. మా భూములు మునిగిన కాడ ప్లాట్లు అమ్ముతరా అని ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. సంఘం పెద్ద వెంకటయ్య, ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి, నా వైపు తిరిగాడు.

"ఎవరు వెయ్యమన్నరయ్యా గిట్ల?"

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎప్పుడు తలుచుకున్నా ఇక్కడే ఆగుతాను. నేనే వేశాను అనవచ్చు. లెక్క తప్పింది, ఆశపడ్డాను అనవచ్చు. పుస్తకాలు వెనక్కి తీసుకుని మళ్లీ వేసి ఇస్తాననవచ్చు. అన్నీ నోటిదాకా వచ్చాయి. ప్రతిదానికీ ఒక ధర ఉంది. రెప్పపాటులో అన్నిటినీ తూచి, నాకు అన్నిటికంటే చవకగా పడేదాన్ని ఎంచుకున్నాను.

"బాలస్వామే వెయ్యమన్నడు" అన్నాను.

అతను తలెత్తి చూశాడు. ముఖంలో కోపం లేదు. ఏదో తప్పు విన్నట్టు చూశాడు.

"నేనెప్పుడు చెప్పిన సేటూ?"

"ఫోన్ల చెప్తివి గదా. ఖాళీ ఎందుకు, ఏమన్న ఏస్కో, వచ్చినదాంట్ల నాకు గూడ సూడు అంటివి."

"డమ్మీ ఏది? డమ్మీ తియ్. దాంట్లనే ఉన్నది గదా అంతా."

"డమ్మీ లేదు. చింపులైపోయింది."

ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

వాళ్లు నమ్మారు. ఎందుకు నమ్మరు? సగం నచ్చిన చీరను అమ్మడానికి దుకాణదారు కష్టపడనక్కర్లేదు. పుస్తకం ఆలస్యం చేస్తున్నాడని వాళ్లలో వాళ్లు అప్పటికే గొణుక్కుంటున్నారు. పట్నం పోయి వచ్చినవాడు, మన లెక్క కాదు, అన్న మాట నేనూ విన్నాను. ఆ అనుమానం ఎక్కడుందో చూసి, సరిగ్గా అక్కడే నా సరుకు పెట్టాను. నేను ఆడింది గాలివాటు అబద్ధం కాదు, కొలత తీసి కుట్టింది. వచ్చినదాంట్లో నాకు కూడా చూడు అన్న ముక్క ఎవరూ అడగలేదు. దాన్ని కొసరుగా వేశాను.

ఎల్లమ్మ అతని ముఖం వైపు ఒకసారి చూసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అది చాలు వాళ్లకు. ఆకులు వేసి అందర్నీ తినడానికి పిలిచారు. అతన్ని ఎవరూ పిలవలేదు. నన్ను పిలిచారు. నేను తిన్నాను కూడా.

పోతూ పోతూ బాలస్వామి నా ముందు ఆగాడు. కొడతాడనుకున్నాను. సిగ్గు లేకుండా నేనే జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి చాపాను. దాని వైపు చూసి, "వద్దు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పాత ఊరికి పోయినప్పుడు అతనికి కబురు పెట్టలేదు. తర్వాతి ఏడాదీ పెట్టలేదు. ఆ తర్వాత అది అలవాటైపోయింది. ఎల్లమ్మ చనిపోయేదాకా అతని పేరు ఎత్తలేదట. అతను బడిలో పిల్లలకు మామిడిపండు బొమ్మ, జెండా బొమ్మ నేర్పుతూ ఉండిపోయాడు. మళ్లీ ఒక పుస్తకం చేశాడని నేను వినలేదు.

నేనేం చేశాను? చాయ్ హోటల్లో కూర్చుని, ఈ కళాకారులను నమ్మకూడదు, నమ్మితే నట్టేట ముంచుతారు, అని ఈ కథనే చెప్పుకుంటూ తిరిగాను. నా కథలో మోసపోయింది నేను. చెప్పగా చెప్పగా గొంతు కూడా బొంగురుపోయేది. విన్నవాళ్లు జాలిపడి నా చాయ్ డబ్బులు వాళ్లే ఇచ్చేవారు.

ఎల్లమ్మ బతికుండగా నిజం చెబుదామని ఒకసారి కొల్లాపూర్ దాకా పోయాను. ఆమె ఉండే వాడ మలుపులో మామిడిపండ్లు అమ్ముతున్నారు. ఉత్త చేతులతో పోవడం ఎందుకని ఆగాను. బేరం చేశాను. గెలిచాను. పండ్ల బుట్ట పట్టుకుని వనపర్తి బస్సెక్కాను. ఆ పండ్లు మంచివని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

కొన్నేళ్లకు నాగర్‌కర్నూల్ బస్టాండులో బాలస్వామి ఎదురుపడ్డాడు. తప్పించుకోవడానికి చోటు లేదు. "బాగున్నవా?" అన్నాడు. బాగున్నానన్నాను. తల ఊపి పోయాడు. సేటూ అనలేదు. ఆ ఒక్క మాట లేకపోవడం ఎంత పెద్ద ఖాళీయో, దాన్ని ఏ అట్టపెట్టెతో కప్పాలో నాకు తెలియలేదు. అతను ఒకసారి నాకు చూపించాలనుకున్నది అదేనేమో. అప్పుడు కనపడింది తెలుపు.

బాలస్వామి అన్నది అతని అసలు పేరు కాదు. నా పేరు మీకు చెప్పనే లేదు. ఒప్పుకోలులో కూడా సగం సరుకు బల్ల కిందే దాచుకున్నాను చూడండి.

ఇక బిల్లు. ఎప్పుడైనా చివర్లో కొంత కొట్టేసి, మీ మొహం చూసి తగ్గించానని చెప్పేవాణ్ని. ఇది అలా రాయను.

నాకు ముట్టింది, కాగితం మీద వచ్చిన నష్టం పూడింది. బేరంలో ఓడని మనిషినన్న పేరు నిలిచింది. నేను తీసుకున్నది, చదువు రాని ఒక ఊరు చేత్తో తడిమి చదువుకోగలిగిన ఒకే ఒక్క పుస్తకం. పెంచిన కొడుకు మీద ఒక ముసలామె నమ్మకం. అతనికి ఏడాదికి ఒక పూట దక్కే ఊరు. దాన్ని మొదటిసారి నీళ్లు తీసుకున్నాయి, రెండోసారి నేను తీసుకున్నాను. నీళ్లు ఎండాకాలం వెనక్కి తగ్గుతాయి. నేను తగ్గలేదు. తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఇదంతా చెప్పినందుకు ఏమైనా తగ్గుతుందేమోనని, అలవాటు కొద్దీ, పెన్ను పట్టుకుని కాసేపు చూశాను. తగ్గదు. కాని మొత్తం నా చేత్తో నేను వేయడం ఇదే మొదటిసారి, మోస్తున్న బరువెంతో భుజానికి ఆ మాత్రం తెలుస్తోంది.

బిల్లు కింద చోటు మిగిలితే, అందులో ఎవరూ ఏమీ రాయకుండా అడ్డగీత కొట్టేయడం మా దుకాణాల్లో పద్ధతి. ఈ కాగితం మీద కింద సగం పైగా మిగిలింది. గీత కొట్టడం లేదు.